నూట నాలుగు బండి కావాలా, ఊళ్ళో క్లినిక్ కావాలా?

పల్నాడు రైతు:
‘104’ అనే సంచార వైద్య వాహనాల మీద పెట్టే ఖర్చును గ్రామాల్లోని వైద్య కేంద్రాలకే మళ్ళిస్తే మేలని నా అభిప్రాయం. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ సేవ మొదలైనప్పుడు, ఆస్పత్రికి దూరంగా ఉన్న పల్లెలకు నెలకొకసారి నిర్ణీత తేదీన బండి వచ్చి, గర్భిణులను, బీపీ, షుగర్ ఉన్నవారిని పరీక్షించి మందులిచ్చి వెళ్ళాలన్నది ఉద్దేశం. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని లాంఛనంగా ప్రారంభించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) వైద్యుడు బండితోపాటు నెలకు రెండుసార్లు ఊరికి వచ్చేలా ఏర్పాటు చేశారు. మా అమ్మ షుగర్ బిళ్ళలు అక్కడే తీసుకుంటుంది, కాదనను. కానీ పోయిన వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది బండి వెళ్ళిన మూడో రోజున. మళ్ళీ బండి వచ్చేదాకా జ్వరం ఆగుతుందా? చివరికి ఆర్‌ఎంపీ దగ్గరే సూది వేయించాము.

విశ్రాంత ఏఎన్‌ఎం (గ్రామ నర్సు):
జ్వరాన్ని చూపి బండిని తప్పుపట్టడం సరికాదండీ. బీపీ, షుగర్ నొప్పి తెలియనివ్వని జబ్బులు. నొప్పి లేనప్పుడు ఒక రోజు కూలి వదులుకొని, బస్సెక్కి ఆస్పత్రికి వెళ్ళేవారు ఎందరుంటారు? బిళ్ళలు అయిపోగానే మానేసి, పక్షవాతం వచ్చి మంచాన పడినవారిని నా ఉద్యోగకాలంలో చాలామందిని చూశాను. ఫలానా తేదీన నూట నాలుగు వస్తుందని తెలిస్తే, ముసలివారు పాత చీటీ, బిళ్ళల అట్టలు సంచిలో వేసుకొని ముందుగానే వచ్చి అరుగు మీద కూర్చుంటారు. ఆ అట్టల్లో ఇంకా బిళ్ళలు మిగిలి ఉంటే, మందు సరిగా వేసుకోవడం లేదని అడగకుండానే తెలిసిపోతుంది. మధ్యాహ్నం మంచాన ఉన్నవారి ఇళ్ళకు వైద్యుడు వెళ్ళడం కూడా ఫ్యామిలీ డాక్టర్ విధానంలో భాగమే. క్లినిక్ భవనం నడిచి వారి ఇంటికి రాదు కదా.

పాడేరు ఉపాధ్యాయుడు:
మీరిద్దరూ దారి ఉన్న ఊళ్ళ సంగతే మాట్లాడుతున్నారు. మన్యంలో బండి తారురోడ్డు ముగిసేచోట ఆగిపోతుంది. అక్కడివరకు గర్భిణులను డోలీలో మోసుకురావలసిన గూడేలు ఉన్నాయి. ఇక మీరనే ఊరి క్లినిక్, అంటే ఆరోగ్య ఉపకేంద్రమంటారా, కొండ ప్రాంతాల్లో 3,000 జనాభాకు ఒకటి చొప్పున ఉండాలన్నది జాతీయ ప్రమాణం. విసిరేసినట్లుండే గూడేల్లో అంతమంది కావాలంటే ఎన్ని కొండలు ఎక్కి దిగాలో లెక్క వేయండి. మాకు ముందు రోడ్డు కావాలి.

పల్నాడు రైతు:
రోడ్డు సంగతి నా ఆలోచనలోకే రాలేదు, అంగీకరిస్తున్నాను. అట్టల విషయంలో ఏఎన్‌ఎం అమ్మగారి మాట కూడా నిజమే. మా ఇంట్లోనూ అమ్మ దాచిన బిళ్ళలు దొరికాయి. బండిని ఆపేయాలన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే రెండు రాకపోకల మధ్య పదిహేను రోజులు ఊరిని కనిపెట్టుకొని ఉండేది క్లినిక్‌లోని నర్సమ్మే. వైద్యుడు బండి దగ్గర మందు మార్చినా, మోతాదు పెంచినా ఆ సంగతి ఆమెకు రోగి చీటీ వల్లనే తెలియాలా, లేక వేరే నమోదు పుస్తకం ఏదైనా ఉంటుందా? మా అమ్మ చీటీని రెండుసార్లు పోగొట్టుకుంది.