ఫోను తెరపై నీహారికను చూస్తే ఆకాశాన్ని చూసినట్టేనా?
(ఒక చర్చావేదికలో మారుపేర్లతో సాగిన సంభాషణ)

మేడమీద:
హైదరాబాదులో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ మాది. పైన మేడ ఖాళీ, చుట్టూ ఎల్‌ఈడీ దీపాలు. ఎనిమిది అంగుళాల అద్దంతో, చేత్తో తిప్పుకుంటూ కంటితో చూసే డాబ్సోనియన్ టెలిస్కోపు కొనాలా, 50 మిల్లీమీటర్ల కటకమున్న స్మార్ట్ టెలిస్కోపు కొనాలా? ఒకదానికే డబ్బుంది. రెండోదానికి కన్ను ఆనించే చోటే (ఐపీస్) ఉండదు, వరుసగా ఫొటోలు తీసి, ఒకదానిపై ఒకటి పేర్చి ఫోనుకు పంపుతుంది. “అది ఆకాశం చూడటం కాదు, బొమ్మలు దించుకోవడం” అని మా తమ్ముడి వాదన.

శ్రవణం:
మీ తమ్ముడి పక్షమే నాది. ఐపీస్‌లో శని వలయాలను మొదటిసారి చూసినవారు చాలామంది వెంటనే తల ఎత్తి, గొట్టం ముందు ఎవరైనా బొమ్మ అతికించారేమోనని చూస్తారు. ఆ అనుమానం తెర చూసేవారికి రాదు, అంతకన్నా గొప్ప శనిని వాళ్లు తెరమీద ఎప్పుడో చూసేశారు. పైగా 250 మిల్లీమీటర్ల నాభ్యంతరం (కటకం నుంచి బొమ్మ పడే చోటికి దూరం) మాత్రమే ఉన్న ఆ చిన్న యంత్రంలో శని ఆవగింజంత కూడా ఉండదు.

రాత్రిడ్యూటీ:
గ్రహాల వరకు ఒప్పుకుంటాను. కానీ అడిగినవారు ఉండేది హైదరాబాదులో. ఎనిమిది అంగుళాల అద్దం ఆ చిన్న యంత్రం కన్నా పదహారు రెట్లు కాంతిని పోగుచేస్తుంది, నిజమే. అయితే వీధిదీపాల కాంతినీ అలాగే పోగుచేస్తుంది. కంటికి కాంతిని కూడబెట్టడం చేతకాదు, మసకలో పనిచేసే దాని కణాలకు రంగులూ తెలియవు. అందుకే ఓరియన్ నీహారిక, అంటే నక్షత్రాల మధ్య మెరిసే ఆ వాయుమేఘం, ఐపీస్‌లో బూడిదరంగు పొగలా ఉంటుంది. స్మార్ట్ టెలిస్కోపు పది సెకన్ల ఫొటోలను పేర్చుకుంటూ పోయి, కాసేపట్లో దాని ఎరుపును చూపిస్తుంది. ఆ ఎరుపు కల్పన కాదు, అక్కడి హైడ్రోజన్ రంగు. మీ కంటికి అందనంత మాత్రాన అబద్ధమైపోతుందా?

శ్రవణం:
అబద్ధమని ఎవరన్నారు? అది చూపేది నిజమే. చూసింది మాత్రం యంత్రం. మీరు ఫోనులో పేరు నొక్కారు, అది తిరిగి చూపించింది. ఆకాశంలో అది ఏ దిక్కున ఉందో మీకు తెలియాల్సిన పనే లేదు. డాబ్సోనియన్‌తో అలా కుదరదు. ఆండ్రోమెడా గెలాక్సీ కావాలంటే ఉత్తరాభాద్రను పట్టుకుని అక్కడినుంచి చుక్క చుక్కా దాటుకుంటూ పోవాలి.

ఆ దారి తెలియడం వల్ల ఏమొస్తుందంటారా? 1987 ఫిబ్రవరిలో చిలీలోని లాస్ కంపనాస్ వేధశాలలో పనిచేసే ఆస్కార్ దుహాల్డే రాత్రి కాసేపు బయటికొచ్చి తల ఎత్తాడు. మన పొరుగు గెలాక్సీ అయిన పెద్ద మెజెల్లానిక్ మేఘంలో ఉండకూడని చుక్క ఒకటి కనిపించింది. అది సూపర్నోవా, పేలిపోయిన నక్షత్రం! ఏ పరికరమూ లేదు, ఆ చోట రోజూ ఏముంటుందో తెలిసిన కళ్లు తప్ప.

రాత్రిడ్యూటీ:
కథ సగంలో ఆపారు. దుహాల్డే లోపలికొచ్చి పనిలో పడి, ఎవరికీ చెప్పలేదు. అదే రాత్రి అదే కొండమీద ఇయాన్ షెల్టన్ గంటలతరబడి కాంతి పట్టించిన ఫొటో పలకను కడిగి, దానిపై కొత్త చుక్కను చూసి, బయటికెళ్లి కంటితో సరిచూసుకుని అందరికీ చెప్పాడు. అప్పుడు దుహాల్డేకి నోరు పెగిలింది. ప్రపంచానికి కబురు చేర్చింది ఫొటోయే.

శ్రవణం:
“బయటికెళ్లి కంటితో సరిచూసుకుని” అని మీరే రాశారు, చూసుకోండి. అదే రాత్రి న్యూజీలాండ్‌లో ఆల్బర్ట్ జోన్స్ అనే ఔత్సాహికుడు కూడా ఆ చుక్కను స్వతంత్రంగా కనుక్కున్నాడు, ఫొటో పలక లేకుండానే. జీవితకాలంలో నక్షత్రాల వెలుగును ఐదు లక్షలకు పైగా సార్లు కంటితో అంచనా వేసినవాడు!

పల్లెచీకటి:
మీ ఇద్దరి పోరులో అడిగినవారిని మరిచారు. నేనైతే రెండూ వద్దంటాను. 10×50 (పది రెట్లు పెద్దగా చూపే, 50 మిల్లీమీటర్ల కటకాల) బైనాక్యులర్స్ కొనండి, మిగిలిన డబ్బుతో ఊరికి వెళ్లి రండి. మే నెల తొలి రాత్రుల్లో దక్షిణాన ఒమేగా సెంటారీ నక్షత్రగుచ్ఛం మనకు క్షితిజం మీద పాతిక డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లండన్‌లో ఉన్నవారికి అది ఎన్నటికీ ఉదయించదు. మన అక్షాంశం మనకిచ్చిన ఆస్తి అది. హైదరాబాదు మేడమీద మాత్రం అటువైపు ఆకాశమంతా దీపాల మసకే.

కృత్తిక:
మా నాన్నగారికి చూపు బాగా మందగించింది, నడుం వంచి ఐపీస్ దగ్గర నిలబడలేరు. కుర్చీలో కూర్చుని తెరపై ఓరియన్ నీహారిక క్రమంగా తేటపడటం చూస్తారు. ఆయన ఆకాశం చూడటం లేదని శ్రవణం గారు ఆయన ముఖాన చెప్పగలరా?

శ్రవణం:
చెప్పలేను. ఆయనకు అదే సరైన పరికరం. కానీ ఇక్కడ అడిగినవారికి కళ్లు, నడుం రెండూ బాగున్నట్టున్నాయి.

రాత్రిడ్యూటీ:
అడిగినవారికి ఒక్క హెచ్చరిక. స్మార్ట్ టెలిస్కోపులో కొన్ని రంగుల కాంతినే లోపలికి వదిలే వడపోత ఉంటుంది, అది హైడ్రోజన్, ఆక్సిజన్ వెలుగుతో మెరిసే నీహారికలకే నగరంలో పనికొస్తుంది. గెలాక్సీల కాంతి అన్ని రంగుల్లో పరుచుకుని ఉంటుంది, ఎల్‌ఈడీ దీపాలదీ అంతే. రెంటినీ విడదీయడం వడపోత వల్ల కాదు. నేను వెనకేసుకొచ్చిన వస్తువు కదా అని దాచను.

మేడమీద:
నాకు శని, బృహస్పతి, చంద్రుడు ముఖ్యం. డాబ్సోనియన్ వైపే మొగ్గుతున్నాను. ఒక్క చిక్కు: మా లిఫ్టు ఐదో అంతస్తు వరకే, మేడకు మెట్లెక్కాలి. ఇరవై కిలోలకు పైనే ఉంటుందట. విడదీసి మోయవచ్చా?

శ్రవణం:
గొట్టం ఒకటి, పీఠం ఒకటి, రెండుగా విడిపోతుంది. పీఠం మీ తమ్ముడికి ఇవ్వండి.