బైపీసీ చదివినవారికి కంప్యూటర్ కోర్సులలో అర్హత ఉంటుందా?

ప్రశ్న: మా చెల్లెలు తెలంగాణలో బైపీసీతో ఇంటర్ పూర్తి చేసింది. నీట్ ర్యాంకుతో ఎంబీబీఎస్ సీటు వచ్చే అవకాశం లేనందున కంప్యూటర్ల వైపు వెళ్లాలనుకుంటోంది. గణితం చదవని ఆమె బీటెక్‌లో చేరవచ్చా?

మొదటి సమాధానం: రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ద్వారా కంప్యూటర్ సైన్స్ బీటెక్‌లో చేరాలంటే ఇంటర్‌లో గణితం తప్పనిసరి. అయితే ఈఏపీసెట్‌లోనే వ్యవసాయ, ఫార్మసీ విభాగం పరీక్ష రాసినవారు బయోటెక్నాలజీ బీటెక్, నాలుగేళ్ల బీ ఫార్మసీ, ఆరేళ్ల ఫార్మ్ డీ సీట్లకు పోటీపడవచ్చు.

రెండవ సమాధానం: ఆసక్తి నిజంగా కంప్యూటర్ల మీదే ఉంటే, సీటు దొరికిందన్న కారణంతో ఫార్మసీలో చేర్చకండి. తెలంగాణ డిగ్రీ కళాశాలల ఆన్‌లైన్ ప్రవేశ విధానమైన దోస్త్ ద్వారా బీసీఏ (కంప్యూటర్ అప్లికేషన్స్ డిగ్రీ) వంటి కోర్సులను పరిశీలించండి. తరువాత అందులోనే పీజీ అయిన ఎంసీఏ చదవాలనుకుంటే ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం చదివి ఉండాలన్న నిబంధన ఎదురుకావచ్చు కనుక, డిగ్రీలో గణితం ఉండే కళాశాలను ఎంచుకోవడం మేలు.

మూడవ సమాధానం: కేంద్రీయ విశ్వవిద్యాలయాలు 2022 నుంచి డిగ్రీ ప్రవేశాలకు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్షను అనుసరిస్తున్నాయి. దరఖాస్తుకు ముందే, కోరుకున్న కోర్సుకు ఏయే సబ్జెక్టులు రాయాలో ఆ విశ్వవిద్యాలయం ప్రకటనలో చూడండి.