జీడితోటలో ఎయిర్‌సాఫ్ట్ ఆడడానికి రెండు వేల రూపాయల లోపు ఎలాంటి బూట్లు మంచివి?

ప్రశ్న: వంశధార ఒడ్డు (గుణుపురం)

మిత్రులందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. మేము పన్నెండు మందిమి ఏడాదిన్నరగా ఆదివారాలు ఎయిర్‌సాఫ్ట్ ఆడుతున్నాము. తెలియనివారి కోసం ఒక మాట చెబుతాను. 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుళ్ళను గాలి ఒత్తిడితో వదిలే బొమ్మ తుపాకులతో రెండు జట్లుగా ఆడే ఆట ఇది. గుండు తగిలినవాడు తానే చెయ్యెత్తి ఒప్పుకుని బయటికి నడవాలి. మా స్నేహితుడి మామగారి జీడితోటలో, ఆయన అనుమతితో, పోలీసు ఠాణాలో ముందుగా చెప్పి, కళ్ళను చుట్టూ మూసి ఉంచే అద్దాలు పెట్టుకుని ఆడుతున్నాము కాబట్టి ఆ విషయాలలో ఇబ్బంది లేదు. నా ఇబ్బందంతా పాదాలతోనే.

తోటలో సగం ఏటవాలు. వేసవిలో రాలిన జీడి ఆకులు చీలమండల దాకా పేరుకుని ఉంటాయి; వాటి కింద రాయి ఉందో, గుంట ఉందో అడుగు వేసేదాకా తెలియదు. వానలు పడ్డాయంటే అక్కడి ఎర్రమట్టి జిగురుగా మారి, సోలుకు అట్టలు కట్టి, కాలు ఎత్తడమే కష్టమవుతుంది. ఈ ఆటలో పరుగు కొంతసేపే. ఎక్కువ సమయం ఒక మోకాలు నేలకు ఆనించి, వెనుక కాలి వేళ్ళు మడిచి, పది పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోవలసి వస్తుంది. అంతలోనే లేచి పరుగెత్తాలి.

నిరుడు సంతలో ఒకరి దగ్గర సైనికుల బూట్ల వంటి పాత తోలు బూట్లు ఏడు వందలకు కొన్నాను. నా పాదం ముందు భాగంలో వెడల్పు ఎక్కువ కనుక, బిగుతు లేకుండా ఉండాలని ఒక సైజు పెద్దది తీసుకున్నాను. మూడవ ఆదివారానికి కుడి మడమ వెనుక రూపాయి బిళ్ళంత బొబ్బ లేచి, చితికి, సాక్సుకు అంటుకుపోయింది. ఇంటికి వచ్చి, బకెట్టు నీళ్ళలో కాలు నానబెట్టి, అమ్మ మెల్లగా సాక్సు లాగవలసి వచ్చింది. దానికి తోడు ఎడమ చీలమండ ఇప్పటికి రెండుసార్లు బెణికింది.

నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఇది. చీలమండను కప్పే ఎత్తు బూట్లు నిజంగా బెణుకును ఆపుతాయా? మన వానలకూ ఉక్కకూ తోలు మంచిదా, బట్ట మంచిదా? మా ఊరి కుర్రవాడొకడు కర్మాగారంలో ఇచ్చే ఇనుప ముక్కు బూట్లు చవకగా ఇప్పిస్తానంటున్నాడు, అవి ఈ ఆటకు పనికివస్తాయా? రెండు వేలకు మించి పెట్టే స్తోమత నాకు లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం: బరంపురం పాదరక్షలు

తమ్ముడూ, నేను బరంపురంలో పాదరక్షల దుకాణంలో పదిహేడేళ్ళుగా పనిచేస్తున్నాను. ఆట గురించి నాకు తెలియదు కానీ, నీ బొబ్బ గురించి తెలుసు. పాదం వెడల్పుగా ఉన్నదని పొడవు పెంచి కొనడం మా దుకాణానికి వచ్చేవారిలో పదిమందికి ఆరుగురు చేసే పొరపాటు. మన దగ్గర అమ్మే బ్రిటిష్ కొలతలో ఒక సైజుకూ పై సైజుకూ మధ్య పొడవులో తేడా అంగుళంలో మూడవ వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. వెడల్పులో పెరిగేది అంతకంటే చాలా తక్కువ. కాబట్టి ముందు భాగంలో నీకు దొరికిన వెసులుబాటు కొంచెమే. మడమ మాత్రం వదులై, అడుగడుగునా పైకి లేచి కిందికి జారుతూ, తోలుకు రాసుకుని ఒరుసుకుపోయింది.

ఈసారి కొనేటప్పుడు ఇలా చెయ్యి. సాయంత్రం పూట, రోజంతా నిలబడి తిరిగిన తరువాత, ఆటకు వేసుకునే సాక్సులే వెంట తీసుకుని దుకాణానికి వెళ్ళు; పొద్దున ఉన్న పాదం సాయంత్రానికి కొంత ఉబ్బుతుంది. బూటు తొడుక్కోవడానికి ముందే లోపలి అట్టను బయటికి లాగి నేల మీద పెట్టి, దాని మీద బరువు మోపి నిలబడు. చిటికెన వేలు అట్ట అంచు దాటి బయటికి వస్తే ఆ బూటు నీది కాదు, ఎంత తగ్గించి ఇస్తామన్నా పెట్టెలో పెట్టి వెనక్కి ఇచ్చెయ్యి. వేళ్ళ ముందు బొటనవేలి మందాన, అంటే ఒక సెంటీమీటరు పైచిలుకు, ఖాళీ ఉండాలి. తరువాత తాడు బిగించి దుకాణం మెట్లు దిగి చూడు. దిగేటప్పుడు వేళ్ళు ముందుకు వెళ్ళి తగిలితే ఏటవాలు తోటలో గోళ్ళు నల్లబడతాయి. ఇంకొక మాట, నీవు చెప్పినట్టే మోకాలి మీద కూర్చుని వెనుక వేళ్ళు మడిచి అయిదు నిమిషాలు అలాగే ఉండు. ఎవరైనా నవ్వితే నవ్వనీ. బూటు వేళ్ళ మొదట్లో మడతపడాలి. పాదం నడిమధ్య మడతపడేది గట్టి బూటు కాదు, వేళ్ళ మీద గీతలా నొక్కేది నీ పాదానికి కుదిరే బూటు కాదు.

సోలు సంగతి. గోటితో నొక్కి చూస్తే ప్లాస్టిక్ వలె గట్టిగా, నునుపుగా ఉండేది తడి రాతి మీద జారుతుంది. రబ్బరు అయితే గోటికి కొంచెం లొంగుతుంది. జిగురు మట్టికి పళ్ళు లోతుగా ఉంటే సరిపోదు, పంటికీ పంటికీ మధ్య ఎడం ఉండాలి. దగ్గర దగ్గరగా ఉన్న పళ్ళ మధ్య మట్టి ఇరుక్కుని, సోలు మొత్తం నున్నటి పలకలా తయారవుతుంది. అమెరికా సైన్యం అడవి బూట్లలో పనామా సోలు అని ఒకటి ఉంది. పళ్ళను ఏటవాలుగా, ఎడం ఎడంగా అమర్చి, అడుగు వేసిన ప్రతిసారీ మట్టి తనంతట తానే రాలిపోయేటట్టు రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో రూపొందించారు. ఆ పోలిక గల సోళ్ళు ఇప్పుడు చవక బూట్లకు కూడా వస్తున్నాయి.

తోలు మన వానలకు వద్దు. ఒకసారి లోపలిదాకా తడిస్తే రెండు మూడు రోజులు ఆరదు, బరువు పెరుగుతుంది, బూజు పడుతుంది. నీరు చొరని పొర ఉన్నదని ఎక్కువ ధరకు అమ్మేవి కూడా నీకు అనవసరం. వాననీరు పైనుంచి, కాలి వెంట దిగి ఒకసారి లోపలికి వెళ్ళిందంటే ఆ పొరే దానిని బయటికి పోనివ్వదు. గట్టి కాన్వాసు గానీ, వల వంటి నైలాను బట్ట గానీ, ముక్కూ మడమా దగ్గర రబ్బరు అతుకు ఉన్నవి చూడు. నేపాలీ గోల్డ్‌స్టార్ బూట్ల వంటి తేలిక రకాలు, కొండ నడకకు డెకాథ్లాన్ వారు క్వెచువా పేరుతో అమ్మే వాటిలో చవక రకాలు నీ బడ్జెట్టులో రావచ్చు. విశాఖలో వారి దుకాణం ఉంది, గుణుపురం నుంచి రైలు కూడా ఉన్నది కదా. పాదానికి తొడిగి చూడకుండా ఫోనులో మాత్రం తెప్పించుకోకు.

కొన్న మర్నాడే చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకువెళ్ళి సోలు చుట్టూ కుట్టు వేయించు. ఈ ధరలో వచ్చేవన్నీ అంటించిన సోళ్ళే. తడి, ఎండ ఒకదాని వెంట ఒకటి తగిలితే ముందు వేళ్ళ దగ్గర నోరు తెరుస్తాయి.

సమాధానం: దేవమాలి దారి (జయపురం)

పై అన్నగారు కొలత విషయంలో చెప్పినదానికి నేను కలపవలసినది ఏమీ లేదు. చీలమండ గురించి మాత్రం వ్రాస్తాను, ఎందుకంటే నాకూ అదే కాలు మూడుసార్లు బెణికింది.

కొరాపుట్ జిల్లాలో 1,672 మీటర్ల ఎత్తున్న దేవమాలి కొండకు నేను ఏటా రెండు మూడుసార్లు నడిచి వెళ్తాను. మొదటి బెణుకు తరువాత, పిక్క సగం దాకా వచ్చే బూట్లు కొన్నాను. అవి వేసుకునే రెండవసారి బెణికింది. ఎత్తు బూటు రాళ్ళ దెబ్బల నుంచి, ముళ్ళ నుంచి, ఆకుల కింద ఉండే రక్తపింజరి వంటి వాటి నుంచి చీలమండను కొంతవరకు కాపాడుతుంది. ఆ కారణానికే నేను ఇప్పటికీ చీలమండను కప్పే వాటినే కొంటాను. అయితే మెత్తటి బట్టతో చేసిన ఎత్తు భాగం పాదం లోపలికి మడతపడడాన్ని ఆపగలదని నమ్ముకోవద్దు. ఒకసారి బెణికిన చీలమండ మళ్ళీ బెణికే అవకాశాన్ని బాగా తగ్గించేవి రెండు అని మా ఫిజియోథెరపిస్టు చెప్పారు. ఒకటి తాడుతో బిగించుకునే చీలమండ పట్టీ. రెండవది ఒంటికాలి మీద నిలబడే సాధన. పళ్ళు తోముకునేటప్పుడు బెణికిన కాలి మీద నిలబడండి, అది సులువయ్యాక కళ్ళు మూసుకుని, ఆ తరువాత మడిచిన దుప్పటి మీద. మొదటి వారం నేను పదిహేను సెకండ్లు కూడా నిలవలేకపోయాను. రెండు నెలల తరువాత కొండ దిగుతూ రాయి కదిలినప్పుడు, ఆలోచించే లోపే పాదం తనంతట తాను సర్దుకున్నది.

రెండవ సంగతి బరువు. బూటు బరువు 100 గ్రాములు పెరిగితే నడకకూ పరుగుకూ అయ్యే శ్రమ సుమారు 1 శాతం పెరుగుతుంది. మీ పాత తోలు బూట్లు జత కిలోన్నరకు తక్కువ ఉండవు; మధ్యాహ్నానికి కాళ్ళు ఈడ్చుకుంటూ నడిస్తే బెణుకులు వచ్చే అవకాశం ఎక్కువ. సాక్సులు నూలువి వద్దు, చెమటను పట్టి ఉంచి చర్మాన్ని నానబెడతాయి. ఉన్ని గానీ పాలిస్టరు గానీ కలిసినవి వేసుకోండి, మధ్యాహ్నం మార్చుకోవడానికి ఇంకొక జత సంచిలో పెట్టుకోండి.

తాడు కట్టే తీరు కూడా నేర్చుకోండి. అన్నిటికంటే పైనున్న రెండు కన్నాలలో తాడును అడ్డంగా దాటించకుండా, ఏ వైపుది ఆ వైపు కన్నంలోనే దూర్చి చిన్న మెలిక విడిచి, ఎదుటి తాడును ఆ మెలికలోంచి లాగి బిగించండి. మడమ వెనక్కి ఆనుకుని కదలకుండా ఉంటుంది.

సమాధానం: నాగావళి వంతెన (రాయగడ)

ఇనుప ముక్కు బూట్ల గురించి అడిగారు. పదకొండేళ్ళుగా నేను షిఫ్టుకు ఎనిమిది గంటలు వాటిలోనే ఉంటున్నాను కాబట్టి చెప్పగలను: ఆటకు తీసుకోకండి. ఆ ముక్కు 200 జూళ్ళ దెబ్బను ఆపడానికి, అంటే 20 కిలోల బరువు ఒక మీటరు ఎత్తు నుంచి పడినా వేళ్ళు నలగకుండా ఉండడానికి చేసినది. మీ తోటలో అంత బరువు ఏదీ పడదు. మోకాలి మీద కూర్చుని వేళ్ళు మడిచినప్పుడు ఆ ఇనుప రేకు వెనుక అంచు సరిగ్గా వేళ్ళ కణుపుల మీద ఒత్తుతుంది. నేను వెల్డింగు పనికి అలా కూర్చుంటాను. ఆ గీత నా రెండు పాదాల మీదా శాశ్వతంగా ఉండిపోయింది.

చవకగా ఇస్తున్నారంటే ఇంకొకటి చూసుకోవాలి. ఆ బూట్లలో చాలావాటికి పాలీయూరిథేన్ సోళ్ళు ఉంటాయి. వాడకుండా పెట్టెలో ఉంచినా, గాలిలోని తేమకు కొన్నేళ్ళలో ఆ పదార్థం లోలోపల విరిగిపోతుంది. మా బావమరిది ఇలాగే నాలుగైదేళ్ళుగా గోదాములో ఉన్న కొత్త జతను సగం ధరకు కొని పెళ్ళికి వేసుకువెళ్తే, మండపం చేరేలోపు సోలు బెల్లం అచ్చులా పొడిపొడిగా రాలింది. ఎవరి దగ్గర కొన్నా లోపలి నాలుక మీద ముద్రించిన తయారీ నెల, సంవత్సరం చూడండి.

మావోయిస్టుల కోసం పోలీసుల గాలింపులు చూసిన జిల్లాలు మనవి కనుక పెద్దవాడిగా ఒక మాట. మచ్చల దుస్తులూ, సైనికుల బూట్లూ, చేతిలో తుపాకి వంటి వస్తువూ కలిస్తే దూరం నుంచి చూసేవారికి అది ఆట అని తెలియదు. ఠాణాలో చెప్పి ఆడడం చాలా మంచి పని. బూట్లు కూడా బూడిద రంగువో, గోధుమ రంగువో, మామూలు కొండ నడక బూట్లే కొనుక్కోండి.

ప్రశ్న అడిగినవారు: వంశధార ఒడ్డు (గుణుపురం)

అందరికీ కృతజ్ఞతలు. అయిదు వారాల తరువాత వ్రాస్తున్నాను. విశాఖ వెళ్ళి, సాయంత్రం అయిదు దాటాక దుకాణంలో అడుగుపెట్టి, ఆరు జతల లోపలి అట్టలు బయటికి తీసి నిలబడి చూశాను. అయిదింటిలో చిటికెన వేలు బయటికి వచ్చింది. ఆరవది చీలమండను కప్పే బూడిద రంగు జత, నా అసలు సైజే, పదిహేడు వందల చిల్లర అయింది. మోకాలి మీద కూర్చుని చూస్తుంటే అక్కడి అమ్మాయి నవ్వలేదు, ఇంకొక జత కూడా తెచ్చి ఇచ్చింది.

గుణుపురం బజారులో రావిచెట్టు కింద కూర్చునే తాతగారి దగ్గర కుట్టు వేయించాను. ముందు ఆరెతో సోలు అంచు వెంట చిన్న గాడి గీసి, కుట్టు ఆ గాడిలో మునిగేటట్టు, మైనం పూసిన నైలాన్ దారంతో ఒక్కొక్క పోటూ బిగించారు. గాడి లేకుండా కుడితే దారం నేలకు ఒరుసుకుని నెలలో తెగిపోతుందట. జతకు ఎనభై రూపాయలు తీసుకున్నారు. పది రోజులు ఇంట్లోనూ, బజారుకూ వేసుకుని తిరిగాకే తోటకు తొడుక్కువెళ్ళాను.

ఇప్పటికి మూడు ఆటలు అయ్యాయి, అందులో ఒకటి వానలో. మట్టి పట్టింది కానీ పది అడుగులకు ఒకసారి ఊడి పడింది. ఇంటికి వచ్చి వార్తాపత్రికలు ఉండచుట్టి లోపల కుక్కి ఫ్యాను కింద పెడితే మర్నాటి సాయంత్రానికి ఆరాయి. మడమ మీద పాత మచ్చ తప్ప కొత్త బొబ్బ లేదు. ఒంటికాలి మీద నిలబడడం ప్రస్తుతానికి ఇరవై రెండు సెకండ్ల దగ్గర ఉన్నది. చీలమండ పట్టీ ఇంకా కొనలేదు. పర్లాకిమిడిలో మంచివి దొరికే మందుల దుకాణం ఎవరికైనా తెలిస్తే చెప్పండి.