తక్కువ ఖర్చులో బేర్‌బో విల్లు: దేని మీద ఎక్కువ పెట్టాలి?

ప్రశ్న (పటమట, విజయవాడ):
ఆరు నెలలుగా శిక్షణ కేంద్రం వారి చెక్క విల్లుతో సాధన చేస్తున్నాను. సైటు (గురి చూసే పరికరం), స్టెబిలైజర్ (విల్లును నిలకడగా ఉంచే కడ్డీ), క్లిక్కర్ (తగినంత లాగామని శబ్దంతో తెలిపే పట్టీ) లేని బేర్‌బో పద్ధతి నాకు నచ్చింది. కాంపౌండ్ విల్లు (కప్పీలు ఉండే విల్లు) క్రీడాకారిణి జ్యోతి సురేఖ గారి ఊరు కదా, అందరూ అదే కొనమంటున్నారు. బేర్‌బోకు వాడే రికర్వ్ విల్లు (కొనలు ముందుకు వంగి ఉండేది) కొనాలంటే, ఉన్న కొద్దిపాటి సొమ్మును దేని మీద ఎక్కువ వెచ్చించాలో అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
రైజర్ (విల్లు మధ్యలో చేత్తో పట్టుకునే భాగం) మీద వెచ్చించండి. ఐఎల్‌ఎఫ్ అమరిక (లింబులను, అంటే రైజర్‌కు పైనా కిందా బిగించే వంగే భాగాలను, అమర్చే ఉమ్మడి ప్రమాణం) ఉన్న 25 అంగుళాల లోహపు రైజర్‌ను తీసుకుంటే, దానికి ఇతర కంపెనీల ఐఎల్‌ఎఫ్ లింబులు కూడా సరిపోతాయి కనుక, ఇప్పుడు 20 లేదా 22 పౌండ్ల చవక లింబులతో మొదలుపెట్టి, భుజాలు అలవాటు పడ్డాక వాటిని మాత్రమే మార్చుకోవచ్చు. లింబు మీద ముద్రించిన బరువు, అంటే తాడు లాగడానికి పట్టే బలం, సాధారణంగా 28 అంగుళాల వరకు లాగినప్పటి లెక్క. మరో అంగుళం లాగితే సుమారు 2 పౌండ్లు పెరుగుతుంది. నేను ఈ లెక్క చూసుకోకుండా తొలిసారే 36 పౌండ్లవి కొని, నెల తిరగకముందే భుజం నొప్పితో అటక మీద పెట్టాను.

జవాబు (బెంజి సర్కిల్, విజయవాడ):
పై మాటతో ఏకీభవిస్తాను, కానీ బాణాలను చిన్నచూపు చూడవద్దు. బాణం గట్టిదనం మీ విల్లును లాగే బరువుకు తగినట్లు లేకపోతే ఎంత ఖరీదైన రైజరైనా గురి నిలవదు. మొదట బాణాలను కాస్త పొడవుగానే ఉంచుకోండి. కోసిన బాణాన్ని అతికించలేము. రైజర్‌కు అదనపు బరువులు బిగించేటప్పుడు, అల్లెతాడు విప్పిన విల్లు 12.2 సెంటీమీటర్ల వలయంలో దూరాలన్న పోటీ నియమాన్ని గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. ముందుగా నా లాగుడు పొడవును కొలిపించుకొని వస్తాను.