దత్త మండలాల నుంచి ఒక ప్రశ్న: బలం లేని రాజ్యానికి సార్వభౌమత్వం మిగులుతుందా?

తుంగభద్ర గట్టు (కర్నూలు):
1800 అక్టోబరులో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న ఒప్పందంతో బళ్లారి, కడప ప్రాంతాలు కంపెనీకి దక్కాయి; కర్నూలు నవాబు కట్టే పేష్కష్ (కప్పం) కూడా చేతులు మారింది. తన రక్షణకని పెట్టుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం ఈ సీమను రాసిచ్చాడు; దత్త మండలాలన్న పేరు అందుకే వచ్చింది. కంపెనీని సంప్రదించకుండా ఇతర రాజ్యాలతో మంతనాలు జరపననీ ఒప్పుకున్నాడు. అయినా హైదరాబాదులో దర్బారు సాగుతూనే ఉంది. దీన్ని సార్వభౌమత్వమనాలా?

బలవంతుడు వదిలిపెట్టిన మేరకే బలహీనుడికి సార్వభౌమత్వం ఉంటుందని నా అభిప్రాయం. ఆయుధాలు పోగుచేస్తున్నాడన్న అనుమానంతో 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీ గద్దె దింపింది. పక్కనే ఉన్న బనగానపల్లె సంస్థానం మాత్రం 1948 దాకా నిలిచింది. బనగానపల్లెకు కర్నూలును మించిన కోటలుండి కాదు, దాన్ని మింగవలసిన అవసరం ఎవరికీ కలగక. నేటి ఐక్యరాజ్యసమితి నిబంధనావళి రెండవ అధికరణం సభ్యదేశాలన్నీ సమానమే అంటుంది. అదే నిబంధనావళి అయిదు దేశాలకు వీటో, అంటే భద్రతా మండలి తీర్మానాన్ని ఒంటరిగా అడ్డుకునే హక్కు, ఇచ్చింది.

పెన్నేటి పాఠకుడు (కడప):
తుంగభద్ర గారూ, మీరు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు, దాని నుంచి తీసిన తీర్పుతోనే ఉంది. పొలం పట్టా ఒకరి పేరున ఉండి, సాగు మరొకరిది కావడం మన ఊళ్లలో కొత్త సంగతి కాదు. సాగు చేసేవాడి చేతిలో కర్ర ఉంది కాబట్టి పట్టా చిత్తు కాగితమని ఎవరూ అనరు, ఎందుకంటే కోర్టు గడప తొక్కాలంటే చేతిలో ఆ కాగితమే ఉండాలి. సార్వభౌమత్వం పట్టా వంటిది, బలం సాగు వంటిది. రెండూ ఒకరి దగ్గరే ఉంటే గొడవ లేదు; విడిపోయినప్పుడే అంతర్జాతీయ రాజకీయం మొదలవుతుంది.

మారిషస్‌ను చూడండి. ఆ దేశానికి 1968లో స్వాతంత్ర్యం ఇవ్వడానికి మూడేళ్ల ముందే బ్రిటన్ హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవులను దాని నుంచి విడదీసింది, తరువాత అక్కడి డీగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం వెలిసింది. మారిషస్‌కు చెప్పుకోదగిన సైన్యమే లేదు. ఉన్నదల్లా దేశమన్న గుర్తింపు, ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో ఒక ఓటు. ఆ రెండింటితోనే వ్యవహారాన్ని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా తీసుకెళ్లింది. దీవులపై పాలనను బ్రిటన్ వీలైనంత త్వరగా ముగించాలని 2019 ఫిబ్రవరిలో న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. మేలో సర్వప్రతినిధి సభలో 116 దేశాలు దాన్ని సమర్థించగా ఆరు మాత్రమే వ్యతిరేకించాయి. 2025 మేలో సార్వభౌమత్వం మారిషస్‌దేనంటూ బ్రిటన్ ఒప్పందంపై సంతకం చేసింది.

గుత్తి కోట (అనంతపురం):
మీరిద్దరూ వాదిస్తున్నది ఒకే సార్వభౌమత్వం గురించి కాదు. ఇతర రాజ్యాలు గుర్తించడం ఒకటి, సొంత హద్దుల్లో మాట చెల్లడం మరొకటి. నిజాం ఈ సీమను ధారపోసేనాటికి (మా అనంతపురం అప్పుడు బళ్లారితో కలిసి ఉండేది) ఊళ్లలో చెల్లింది పాళెగాళ్ల (సొంత బలగమున్న స్థానిక నాయకుల) మాట. కోటలూ బంట్లూ వాళ్లవే. అంటే తన చేతిలో పూర్తిగా లేనిదాన్నే ఆయన ఇచ్చాడు. కంపెనీకి దక్కింది కాగితం మాత్రమే. దాన్ని పాలనగా మార్చడానికి కంపెనీ అధికారి థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా ఉండి, పాళెగాళ్లను అణచి, రైతుతో నేరుగా శిస్తు ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. బలప్రయోగం మీద గుత్తాధిపత్యమే రాజ్యలక్షణమని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ సిద్ధాంతీకరించడానికి నూరేళ్ల ముందే ఇక్కడ ఆ పని జరిగిపోయింది.

తుంగభద్ర గట్టు (కర్నూలు):
పెన్నేటి గారి ఉదాహరణ నాకే సాక్ష్యం చెబుతోంది. అదే ఒప్పందం ప్రకారం డీగో గార్సియా 99 ఏళ్లపాటు బ్రిటన్ చేతిలోనే ఉంటుంది. స్థావరం అంగుళం కదలదు. నికరాగ్వా సంగతి ఇంకా స్పష్టం. ఆ దేశంపై అమెరికా చట్టవిరుద్ధంగా బలం ప్రయోగించిందని 1986లో అదే న్యాయస్థానం తేల్చింది. తీర్పును అమలు చేయాలన్న తీర్మానాన్ని భద్రతా మండలిలో అమెరికాయే వీటో చేసింది. ప్రతివాదే కోర్టు డిక్రీని అమలు చేయవలసిన అమీనా అయితే ఆ డిక్రీ ఏం చేసుకోవాలి?

పెన్నేటి పాఠకుడు (కడప):
నికరాగ్వా విషయంలో ఒప్పుకుంటాను. అక్కడ నా వాదం బలహీనమే. డీగో గార్సియాకు మాత్రం బ్రిటన్ ఏటా సొమ్ము కట్టడానికి ఒప్పుకుంది. ఊరికే తీసుకోగలిగినదానికి ఎవరూ కౌలు కట్టరు. యజమాని వేరొకరని ఒప్పుకున్న తరువాతే కౌలు అన్న మాట వస్తుంది. 1839లో కర్నూలు నవాబుకు వెళ్లడానికి న్యాయస్థానమూ లేదు, చేయెత్తడానికి సభా లేదు. ఆ తేడా చిన్నదంటే నేను ఒప్పుకోను.

గుత్తి కోట (అనంతపురం):
కౌలు సరే. ఆ దీవులవాళ్ల మాటేమిటి? స్థావరం కోసం 1968, 1973 మధ్య వాళ్లందరినీ ఇళ్ల నుంచి తరలించారు. కొత్త ఒప్పందం ప్రకారం మిగతా దీవుల్లో మారిషస్ వాళ్లకు మళ్లీ నివాసం కల్పించవచ్చు, డీగో గార్సియాలో మాత్రం కుదరదు. మీ లెక్కలో వాళ్ల పేరు పట్టాలోనూ లేదు, సాగులోనూ లేదు.