సింగ్‌ నగర్‌లో ఇల్లు: వరద చూశాక కూడా కొనొచ్చా?

కొత్తిల్లు: విజయవాడ అజిత్‌సింగ్‌ నగర్‌లో ఒక డాబా ఇల్లు చూసొచ్చాం. తూర్పు ముఖం, రెండు బెడ్‌రూములు, పటమటతో పోలిస్తే రేటు బాగా తక్కువ. వాస్తు కుదిరింది, అడ్వాన్స్ ఇచ్చేయమంటున్నారు నాన్నగారు. బుడమేరు వాగు పక్కన ఊరికే ఇచ్చినా వద్దంటున్నారు బావగారు. రెండోసారి వెళ్తున్నాం. ఏం చూడమంటారు?

గుణదల వాసి: మీ బావగారి మాటే నా మాట. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. ఆ వాగు నీటిని వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలపాలి. అప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణే 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. ఇక వాగు ఎటు పోతుంది? గండ్లు పూడ్చారు సరే, పల్లం పల్లమే కదా.

పాత మేస్త్రి: అలా లెక్కేస్తే బెజవాడలో ఎక్కడా కొనలేమండీ. అదే వానకి మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి మనుషులు పోయారు.

ముందు రోడ్డు మీద నిలబడి గడప ఎత్తు చూడండి. పాత సీసీ రోడ్డు మీదే కొత్తది వేసుకుంటూ పోతే ఇల్లు పల్లంలో పడుతుంది. దానికి వరద అక్కర్లేదు, గట్టి వాన చాలు. లోపలికెళ్లాక బీరువా జరిపించండి, మొహమాటపడొద్దు. హాలంతా కొత్త పుట్టీ కొట్టి, బీరువా వెనక మాత్రం పాత గోడ, నడుమెత్తులో మట్టిరంగు చార వదిలేసిన ఇల్లు నేను చూశాను. గుమ్మాల అడుగున గోరుతో నొక్కండి. మెత్తగా దిగితే ఆ చెక్క నీళ్లు తాగిందే. స్విచ్‌ బోర్డులు పైకి మార్చి ఉంటే ఎందుకో ఓనర్ని కాదు, ఎదురింటివాళ్లని అడగండి.

దస్తావేజు: గోడల సంగతి తర్వాత, కాగితాలు ముందు. 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీయించి, లింకు డాక్యుమెంట్ల (ఇంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజుల) ఒరిజినల్స్ చూడండి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయని భూముల జాబితాలో ఉందేమో కనుక్కోండి. ఈసీ క్లీన్‌గా ఉందని మురిసిపోకండి, రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు అందులో కనపడవు. స్థలం వాగు పోరంబోకులో ఉందంటే వాస్తు కాదు, బ్రహ్మ దిగొచ్చినా కాపాడలేడు.

ఈశాన్యం: వాస్తుని ఎగతాళి చేయకండి. మీకు నమ్మకం లేకపోయినా, రేపు అమ్మబోతే కొనేవాడు మొదట అడిగేది అదే.

పాత మేస్త్రి: సింగ్‌ నగర్‌లో ఇప్పుడు మొదట అడిగేది నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని! బేరం కూడా అక్కడే మొదలుపెట్టాలి.

గుణదల వాసి: ఎంత తగ్గించినా మళ్లీ మునిగితే ఫ్రిజ్, వాషింగ్‌ మెషీన్, మంచాలు అన్నీ కొత్తవి కొనుక్కోవాలి. ఒక వానాకాలం అదే వీధిలో అద్దెకుండి చూడండి.

కొత్తిల్లు: అప్పటిదాకా ఇల్లు ఆగదండీ. ఇంకో పార్టీ కూడా చూసెళ్లారట.

గుణదల వాసి: ఆ మాట చెప్పింది బ్రోకరేనా?