ఏమీ ఆశించని మంచితనం నిజంగా ఉంటుందా? కాస్త చెప్పండి

మాది కర్నూలు. మా చిన్నాన్న ఎండాకాలంలో పెద్దాసుపత్రి దగ్గర, రోగుల వెంట వచ్చినవాళ్లకు మజ్జిగ పోస్తాడు. కుండలకు తడి గోనెసంచి చుట్టి, అల్లం, కరివేపాకు దంచి కలుపుతాడు. ముసలివాళ్లయితే గ్లాసు చేతికిచ్చి, తాగేదాకా పక్కనే నిలబడతాడు. ఫ్లెక్సీ లేదు, ఫొటో లేదు. అయినా మా తమ్ముడు, "పుణ్యం కోసమో తృప్తి కోసమో చేస్తున్నాడు, అదీ స్వార్థమే" అంటాడు. నాకు ఆ మాట మింగుడు పడటం లేదు.

1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు వేలమంది ఆకలి తీర్చారు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది, నిజమే. కానీ అది తర్వాతి మాట. గంజి పోసేటప్పుడు పతకం వస్తుందని ఆయనకేం తెలుసు?

1981లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ బాట్సన్ బృందం ఒక ప్రయోగం చేసింది. కరెంటు షాకులు తింటున్నట్టు కనబడే అమ్మాయిని చూస్తున్నవాళ్లను, ఆమె బదులు మీరు కూర్చుంటారా అని అడిగారు. మధ్యలో లేచి వెళ్లిపోయే వీలున్నా, ఆమె మీద నిజంగా జాలి కలిగినవాళ్లలో ఎక్కువమంది సరేనన్నారు. తమ బాధ తగ్గించుకోవడానికే ఒప్పుకున్నారని కొందరు వాదించారు. తమ్ముడు పట్టుకుంది అక్కడే.

మంచి చేశాక తృప్తి కలగడం వేరు, తృప్తి కోసమే చేయడం వేరు అని నా నమ్మకం. దీన్ని వాడికి ఎలా వివరించాలి? గీతలోని నిష్కామకర్మ బాగా చదువుకున్నవాళ్లు ఉంటే, అక్కడ మనసుకు కలిగే తృప్తి కూడా ఫలం కిందికే వస్తుందా, దయచేసి చెప్పండి.